చదువు గదిలోకి పోయిన కటింగ్ బల్ల

“దొంగలు పడినా ఇంత నాశనం చెయ్యరు! దొంగ పనికొచ్చేది పట్టుకుపోతాడు, మిగతాది వదిలేస్తాడు. మీరు ఫ్యాను కింద కూర్చుని, టీలు తాగుతూ, తీరిగ్గా నా కొంప ముంచారు. ఎవరు చేశారు? ఏం, నోళ్ళు పడిపోయాయా?”

టైలరమ్మ భుజం మీది సంచి ఇంకా దించలేదు. కాన్పు కష్టమైన చెల్లెలికి ఆస్పత్రిలో తోడుండి, పొద్దున్నే బస్సు దిగి వచ్చింది. చెప్పులు కూడా విప్పకుండా నడిమి గది గుమ్మంలో నిలబడిపోయింది.

ఇంట్లో ముగ్గురు పెద్దవాళ్ళున్నారు. ముగ్గురికీ అప్పుడే పనులు గుర్తొచ్చాయి. భర్త, అంటే బస్సు కండక్టరు, కొడుకు బడి బూట్లకి పాలిష్ రుద్దుతున్నాడు. అత్తగారు కళ్ళజోడు తుడుచుకుంటోంది. బావగారు గోడకి అంటించిన టైంటేబుల్ మూల లేచిందని బొటనవేలితో అదుముతున్నాడు. ఇల్లు తగలబడుతున్నా ఆ మూల అంటించాకే నీళ్ళకి పరిగెత్తే రకం.

ఇల్లంతటిలో వెలుతురు పడేది ఆ గదిలోనే. కిటికీ కింద పొడవాటి కటింగ్ బల్ల, పక్కన కుట్టు మిషను. ఈ వీధిలో బడికి పోయే పిల్లల యూనిఫాంలన్నీ ఆ బల్ల మీద పుట్టినవే. ఎల్లుండి బడి తెరుస్తారు. ఆస్పత్రికి పోయే ముందే గుడ్డంతా కత్తిరించి మూటలు కట్టి పెట్టింది. వచ్చి మిషను ఎక్కితే చాలు, టైముకి అందుతాయి అనుకుంది.

ఇప్పుడా బల్ల మీద పూలపూల ప్లాస్టిక్ షీటు అంటించి ఉంది. వెనక అంచుకి మేకులు కొట్టి అరల స్టాండు బిగించారు. అరల్లో అట్టలేసిన పుస్తకాలు, పొడుగుని బట్టి వరసగా. గుమ్మం పైన అట్టముక్క మీద గుండ్రటి అక్షరాలు: ‘చదువు గది’.

మిషను లేదు.

“మిషనేదీ?”

“వెనక వసారాలో వేయించానమ్మాయ్,” అన్నాడు బావగారు, ఇటు తిరక్కుండానే. “గాలి బాగా వస్తుందక్కడ. నీ మంచికే.”

“వసారాలో కుళాయి ఉంది.”

“దాని పక్కకే వేయించాను.”

“కుళాయి పక్కన మిషను పెట్టారా?”

“తుడుచుకోడానికి నీళ్ళు దగ్గరగా ఉంటాయి కదే,” అంది అత్తగారు. పెద్దకొడుకుని వెనకేసుకురావాలన్న ఆత్రంలో తనేం మాట్లాడుతోందో ఆవిడకే తెలీదు.

ఈ బావగారు బస్సు డిపోలో స్టోర్‌కీపరుగా చేసి రిటైరైన మనిషి. వీధిలో అందరూ ‘స్టోరు’ అనే అంటారు. డిపోలో ఒక నట్టు కావాలన్నా ఈయన సంతకం లేనిదే కదిలేది కాదు. బస్సు షెడ్డులో పడి ఉండేది, మెకానిక్కు కిటికీ ముందు నిలబడి ఉండేవాడు, ఈయన మాత్రం నట్లన్నీ నట్ల డబ్బాలో, బోల్టులన్నీ బోల్టుల డబ్బాలో ఉన్నాయా లేదా అని చూసుకుని మురిసిపోయేవాడు. బస్సు రోడ్డెక్కిందా లేదా ఈయనకి అనవసరం. అలాంటివాడు రిటైరయ్యాక, నాలుగు రోజులుండి పోతానని సొంత ఇల్లు అద్దెకిచ్చి తమ్ముడింటికి వచ్చాడు. చేతులు దురద పెట్టాయి. సర్దడానికి ఇల్లు దొరికింది.

బడి తెరిచే ముందు ఇల్లు క్రమంలోకి రావాలన్నాడు. పుస్తకాల సంచులకి గుమ్మం పక్కన కొక్కేలు కొట్టాడు. వాటర్ బాటిళ్ళకి ఒక అర, మూతలకి ఇంకో అర పెట్టాడు. పెన్సిళ్ళు బీరువాలో పెట్టి తాళం వేశాడు. కొత్తది కావాలంటే పాతది చూపించాలి.

“పెదనాన్నా, అది మొత్తం అరిగిపోయింది. చూపించడానికేం మిగల్లేదు,” అన్నాడట పిల్లాడు.

“అయితే ఇవ్వడం కుదరదు,” అన్నాడట ఈ మహానుభావుడు.

టైలరమ్మ సంచి కింద పెట్టింది.

“నా మూటలేవీ?”

గొంతు తగ్గింది. అరిచినప్పుడు చలించని కండక్టరు చెయ్యి ఆ తగ్గిన గొంతుకి బూటు మీద ఆగిపోయింది.

బావగారి మొహం మాత్రం వెలిగిపోయింది. ఎప్పుడెప్పుడు అడుగుతుందా అని కాచుకుని ఉన్నట్టున్నాడు. “అదే చూపిద్దామనుకుంటున్నా. నువ్వు చూస్తే సంతోషిస్తావు. రా, ఇలా రా.”

గోడ వారగా అట్టపెట్టెలు వరసగా ఉన్నాయి. ఒక్కోదాని మీద ఒక్కో చీటీ. ‘చేతులు’. ‘కాలర్లు’. ‘జేబులు’. ‘ముందు ముక్కలు’. ‘వెనక ముక్కలు’.

ఆమె ‘చేతులు’ తెరిచింది. వీధిలో పిల్లలందరి చొక్కా చేతులూ అందులో ఉన్నాయి. ఒకటే బూడిద రంగు, ఒకటే గుడ్డ. అంచుకి అంచు కలిపి, దొంతరగా, ఇస్త్రీ చేసినంత శుభ్రంగా పేర్చి ఉన్నాయి.

ఆమె పద్ధతి ఆమెకుంది. ఒక పిల్లకి కత్తిరించిన ముక్కలన్నీ ఒక్క మూటగా చుడుతుంది. ఆ మూట కట్టుకోవడానికి తాడు ఆ పిల్లే తెచ్చివ్వాలి. ఒకరు జడ రిబ్బను తెస్తారు, ఒకరు పాత బూటు లేసు, ఒకడు తెగిన గాలిపటం దారం. బట్టలు కుట్టాక తాడు తిరిగి ఇచ్చేస్తుంది. పిల్లలకది ఆట. ఆమెకదే గుర్తు. ఎర్ర లేసు చూస్తే మనిషి కళ్ళ ముందు నిలబడుతుంది.

“తాళ్ళు?” అంది.

“పారేశాననుకున్నావా? నా చేతిలో ఏదీ వృథా పోదు.” ఇంకో పెట్టె తెరిచాడు. రిబ్బన్లు ఒకవైపు చుట్టలు చుట్టి ఉన్నాయి. లేసులు ఇంకోవైపు, పొడుగుని బట్టి.

టైలరమ్మ నేల మీద కూలబడింది.

“ఏమైందిప్పుడు?” అన్నాడు బావగారు. నిజంగానే అర్థం కాలేదాయనకి. “ఎక్కడ పడితే అక్కడ చిందరవందరగా మూటలు! చెయ్యి కావాలంటే మూట విప్పాలి, కాలరు కావాలంటే మూట విప్పాలి. ఇప్పుడు చూడు, చెయ్యి పెడితే చెయ్యి వస్తుంది.”

“ఎవరి చెయ్యి?”

“అంటే?”

“చెయ్యి పెడితే చెయ్యి వస్తుంది సరే. ఎవరి చెయ్యి వస్తుంది బావగారూ?”

ఆయన నీళ్ళు నమిలాడు. నమలడం అయ్యాక ఎదురు తిరిగాడు. “పేరు రాసుకోవాలమ్మా! పేరు లేని సరుకు ఎవరిదని తెలుస్తుంది? డిపోలో అయితే మెమో ఇచ్చేవాళ్ళు.”

ఆ మాట గుచ్చుకుంది, ఎందుకంటే అందులో కొంచెం నిజం ఉంది. సుద్దముక్కతో ఒక్క అక్షరం గీస్తే పోయేది. ఆమె గీయలేదు. ఇన్నేళ్ళలో ఆ బల్ల ఎవరూ ముట్టుకోలేదు, అవసరం రాలేదు. తన తప్పు తనకి తెలిసేసరికి ఇంకా మండింది.

“రాయలేదు. నా గది అనుకున్నాను, రాయలేదు. తాళం కూడా వేసుకోలేదు. అదీ నా తప్పే కాబోలు!”

“పోనిద్దూ, ఎందుకంత రాద్ధాంతం,” అంది అత్తగారు. “ముక్కలన్నీ ఉన్నాయిగా? ఒకటే రంగు, ఒకటే గుడ్డ. ఏ చెయ్యి ఏ చొక్కాకి కుడితేనేం?”

“మీ చెయ్యి ఊడదీసి నాకు అతికిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది అత్తయ్యా.”

“చూశావురా, నన్నెంత మాటందో?” ఆవిడ కండక్టరు వైపు తిరిగింది. కండక్టరు బూటు వైపు తిరిగాడు.

బావగారు గొంతు సవరించుకున్నాడు. “ఎంతైనా నీది ఇంట్లో కూర్చుని చేసుకునే పనమ్మాయ్. వసారాలో అయినా జరుగుతుంది, వంటింట్లో అయినా జరుగుతుంది. పిల్లాడి చదువు అలా కాదు. వాడికొక బల్లంటూ ఉండాలా వద్దా?”

“ఇంట్లో కూర్చుని చేసే పనే. ఒప్పుకుంటాను. మీరు ఇంట్లో కూర్చుని చేసేదేమిటో కూడా చెప్పండి, వింటాను.”

అప్పుడు గుమ్మం పక్కన నిలబడ్డ పిల్లాడే నోరు విప్పాడు. వాడి కోసమే కదా ఈ యుద్ధమంతా. “అమ్మా, నాకా బల్ల వద్దు. అది నిలబడి కత్తిరించే బల్ల. కుర్చీలో కూర్చుంటే గడ్డం దాకా వస్తోంది. చేతులు పైకెత్తి రాయాలి.”

“పెరుగుతావురా,” అన్నాడు బావగారు.

“ఎల్లుండికా?”

మామూలు రోజైతే ఆ మాటకి అందరూ నవ్వేవాళ్ళు. ఎవరూ నవ్వలేదు.

*

వంటింటి గుమ్మంలో కూతురు కనిపించింది. పదో తరగతికి వస్తోంది. టైలరమ్మ కోపం అటు తిరిగింది. పైనున్నవాళ్ళ మీద విసరలేనిది ఇంట్లో చిన్నవాళ్ళ మీద పడుతుంది. ఏ ఇంట్లో అయినా ఇంతే. సిగ్గుచేటు.

“నువ్వు ఉండి ఏం చేశావే? కాజాలు నువ్వే కుడతావు. మూట సంగతి నీకు తెలుసు. కళ్ళప్పగించి చూస్తూ నిలబడ్డావా? నోట్లో నాలుక లేదా?”

“ఉంది. వాడాను. ‘పెదనాన్నా, విప్పొద్దు, కలిసిపోతాయి’ అన్నాను. పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే నీకేం పని అని నానమ్మ నన్ను వంటింట్లోకి పంపింది. నా పుస్తకాల్ని కూడా వెనకే పంపారు. చూస్తావా ఎక్కడున్నాయో? నూనె డబ్బా పక్కన. లెక్కల పుస్తకానికి అప్పుడే మరక.”

“ఆడపిల్ల ఎలాగూ వంటింట్లోనే ఉంటుంది, చేతికి అందుతాయని...” బావగారు అందుకోబోయాడు.

“మీరుండండి పెదనాన్నా.” పిల్ల తల్లి వైపే చూస్తోంది. కళ్ళలో నీళ్ళున్నాయి, గొంతులో లేవు. “నా మీదెందుకు అరుస్తావు? నన్ను పంపేశాక జరిగింది. నాన్నని అడుగు. మొదటి నుంచి చివరిదాకా నాన్న ఇక్కడే ఉన్నాడు.”



టైలరమ్మ భర్త వైపు మెల్లగా తిరిగింది. “మీరున్నారా?”

“డ్యూటీ దిగి అప్పుడే వచ్చాను.”

“వచ్చి?”

“కూర్చున్నాను.”

“కూర్చుని?”

సమాధానం కూతురే చెప్పింది. “వంటింట్లోంచి చూశాను. ఒక్కో మూట కట్టు విప్పి పెదనాన్నకి అందించాడు.”

ఈ కండక్టరు గురించి ఒక మాట చెప్పాలి. కిక్కిరిసిన బస్సులో ఈయన గొంతు వెనక అద్దం దాకా వినిపిస్తుంది. టికెట్టు తీయనివాడిని కాలరు పట్టుకుని దించుతాడు. తాగినవాడు తిరగబడితే బెదరడు. అన్నగారి ముందు మాత్రం ఆ గొంతు ఎక్కడికి పోతుందో పోతుంది. ఈ ఉద్యోగం అప్పట్లో అన్నగారు ఎవరితోనో చెప్పి ఇప్పించాడు. ఆ మేలుకి బదులు ఇన్నేళ్ళుగా తీరుస్తూనే ఉన్నాడు. తీర్చడానికి వాడేవి మాత్రం భార్యవి. భార్య గది, భార్య బల్ల, భార్య ఓపిక.

కుట్టిన యూనిఫాంలు ఇంటింటికీ తీసుకెళ్ళి ఇచ్చేది ఈయనే. ఏ తాడు ఎవరిదో చూసి పిల్లలకి తిరిగిచ్చేది ఈయనే.

“మీకు తెలుసు,” అంది టైలరమ్మ. అడగలేదు, చెప్పింది.

“తెలుసు.”

“తెలిసే విప్పారు.”

“అన్నయ్య చెప్తుంటే ఎదురుగా ఎలా...” అని మిగతాది మింగేశాడు.

టైలరమ్మ లేచింది. ఇంక ఒక్క మాట కూడా అనలేదు. ‘చేతులు’ అని రాసిన పెట్టె చంకన పెట్టుకుని వెనక వసారాలోకి పోయింది.

ఆమె తిట్టి ఉంటే వాళ్ళు ముగ్గురూ ఊపిరి పీల్చుకునేవాళ్ళే.

*

వసారాలో మిషను కుళాయికి జానెడు దూరంలో ఉంది. తొట్టిలో నీళ్ళు పడ్డప్పుడల్లా చింది బెల్టు నానిపోయింది. చక్రం తిప్పి చూసింది. జారుతోంది.

పెట్టె నేల మీద బోర్లించి చేతులు ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టింది. పెద్దవి ఒక పక్కకి, చిన్నవి ఒక పక్కకి. దగ్గరదగ్గర కొలతలవి ఎంత చూసినా ఒక్కలాగే ఉన్నాయి. కొలతల మీద నడిస్తే సగం దాకా పోవచ్చు. మిగతా సగం పిల్లల భుజాల మీద పెట్టి చూడాల్సిందే. చంకలో పట్టేసిన చొక్కా వేసుకుని ఏడాదంతా చెయ్యి ఎత్తలేని పిల్లాణ్ణి చూస్తే తెలుస్తుంది ఏ చెయ్యో ఏ చొక్కాకో కుడితే ఏమవుతుందో.

ఈ బడి వాళ్ళు గుడ్డ వాళ్ళే కొలిచి ఇస్తారు. గోరంత మిగలదు. బయట ఆ రంగు దొరకదు. యూనిఫాం లేకుండా మొదటిరోజు వచ్చినవాళ్ళని గేటు బయటే నిలబెడతారు. గేటు బయట నిలబడేది పిల్లలు. తిట్లు తినేది టైలరమ్మ. స్టోరుగారు మాత్రం ఆ టైముకి మంచం మీద పేపరు చదువుతూ ఉంటాడు.

కండక్టరు వెనకే వచ్చాడు. ఒక చేతిలో బూటు అలాగే ఉంది, రెండో చేతిలో పాలిష్ గుడ్డ.

“చూడూ...”

ఆమె చూడలేదు.

“నేను సాయం చేస్తాను. ఇద్దరం కూర్చుంటే ఎంతసేపు? నువ్వు చెప్పు, నేను తీస్తాను.”

ఆమె చేతులు ఏరుతూనే ఉంది. ఏరినవి మళ్ళీ మొదటి నుంచి చూసింది. పెట్టె తలకిందులు చేసి దులిపింది.

“ఒకటి తక్కువైంది.”

“ఏది?”

“టైర్ల షాపు వాళ్ళ అమ్మాయిది. ఎడమ చెయ్యి.”

టైర్ల షాపు వాళ్ళ అమ్మాయికి పుట్టుకతోనే ఎడమ చెయ్యి పొట్టి. ఆ పిల్లకి ఆ చొక్కా చెయ్యి పొట్టిగా, సన్నగా వేరే కత్తిరించాలి. అలా కుడితే రెండు మణికట్లూ సరిగ్గా బయటికొస్తాయి, మడతలు పెట్టి పిన్నులు గుచ్చుకోనక్కర్లేదు. రెడీమేడ్ చొక్కాల్లో వేలాడే చేతిని చూసి క్లాసులో నవ్వారని, రెండేళ్ళ కిందట ఆ పిల్ల తల్లి వెతుక్కుంటూ ఇక్కడికొచ్చింది. వీధిలో ఏ చెయ్యి తారుమారైనా ఏదో ఒకటి చెయ్యొచ్చు. ఆ ఒక్క దానికి మారు లేదు.

“బావగారూ!” ఆమె కేక ముందు గదిదాకా పోయింది. “ఒక పొట్టి చెయ్యి ఉండాలి. ఏదీ?”

బావగారు వసారా గుమ్మంలోకి వచ్చాడు, వెనకే అత్తగారు. గుర్తు తెచ్చుకోవడానికి ఆయనకి కష్టం కాలేదు. సరుకు విషయంలో ఆయన మతిమరుపు మనిషి కాదు.

“అదా! అవును, ఒకటి తేడాగా వచ్చింది. దానికి జత లేదు. నీ కత్తెర జారి ఉంటుందనుకున్నా. తేడా సరుకు మంచి సరుకులో కలపకూడదు, అది స్టోరులో మొదటి పాఠం. అందుకే వేరే తీసి...”

“తీసి?”

“పాత గుడ్డల్లో వేశాను. తుడుచుకోడానికి పనికొస్తుందని.”

టైలరమ్మ కళ్ళు భర్త చేతి మీద ఆగాయి.

కండక్టరు కూడా అప్పుడే చూసుకున్నాడు. పిడికిలి విప్పాడు. నల్లటి పాలిష్ ముద్దల మధ్య, ఎక్కడో ఒక మూల, బూడిద రంగు కనిపించింది. సుద్దతో గీసిన కుట్టు గీత కూడా కొంచెం.

“నాకు తెలీదు,” అన్నాడు. “ఒట్టు. ఇది నిజంగా తెలీదు.”

“తెలిసినప్పుడు మాత్రం ఏం చేశారు?”

*

“టైలరమ్మా! వచ్చేశావా?”

వీధి గుమ్మం దగ్గర గొంతు. వసారాలో నలుగురూ కొయ్యబారిపోయారు. ఆ గొంతు ఎవరిదో అందరికీ తెలుసు.

“టైర్ల షాపావిడ,” అని గొణిగింది అత్తగారు. “పిల్లని కూడా తెచ్చినట్టుంది.”

“కొలత చూసుకోడానికి ఇవాళ రమ్మన్నావుగా!” ఆవిడ ముందు గదిలోకి వచ్చేసింది. “ఇదిగో, పొద్దుటి నుంచి ఒకటే గోల, పద పద అని.”

కండక్టరు భార్య దగ్గరికి జరిగాడు. బస్సులో చిల్లర లేదని చెప్పేటప్పటి గొంతు వచ్చింది. “నువ్వు ఇక్కడే ఉండు. నేను చెప్పి పంపిస్తాను. ఆస్పత్రిలో తిరిగి నీకు జ్వరం తగిలిందని, ఇంకో వారం పడుతుందని చెప్తాను. ఎవరూ ఏమీ అనుకోరు.”

“అది నయం,” అన్నాడు బావగారు. ఇంత తొందరగా తమ్ముడి మాట ఏదీ ఆయన ఒప్పుకోలేదు ఎప్పుడూ.

టైలరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. “జ్వరం నాకా?”

“ఊరికే, మాటవరసకి...”

“కలిపింది ఆయన. విప్పిచ్చింది మీరు. జ్వరం నాకు.”

“అరవకు. వినిపిస్తుంది.”

“వినపడాలనే.”

అత్తగారు అడ్డం వచ్చింది. “ఇంటి గుట్టు వీధిలో పెడతావా? ఆ మనిషి వయసు చూడు. రిటైరైన రోజున దండలేసి పంపారు వాడికి. పరాయివాళ్ళ ముందు తల దించుకోవాలా?”

“ఆ పిల్ల వయసు కూడా చూడండి అత్తయ్యా. ఎల్లుండి గేటు బయట తల దించుకోబోయేది అదే. దానికి దండలెయ్యరు.”

ఆమె భర్త చేతిలోంచి ఆ గుడ్డ లాక్కుంది. నల్లరంగు అరచేతికంతా అంటింది. ముందు గదిలోకి నడిచింది. వెనక ముగ్గురూ కదిలారు. ఆపడానికా, వినడానికా, వాళ్ళకే తెలియాలి.

పిల్ల అప్పటికే చదువు గదిలోకి తొంగి చూస్తోంది. “బల్లెక్కడ? ఓ, ఇదేనా? ఏంటిలా చేశారు? టైలరమ్మా, ఈసారి నా జేబు పెద్దది పెట్టావా? జామెట్రీ బాక్సు పట్టాలన్నానుగా!”

పిల్ల ఒక్కొక్కరి మొహం చూసింది. ఎడమ చెయ్యి మెల్లగా వెనక్కి పోయింది, అలవాటు ప్రకారం.

“ఏమైంది టైలరమ్మా?” తల్లి గొంతు మారింది. “కుట్టలేదా?”

“కుట్టలేదు. జ్వరం కాదు, ఏమీ కాదు. ఒళ్ళు బాగానే ఉంది నాకు.” టైలరమ్మ వెనక్కి తిరిగింది. గొంతులో ఇప్పుడు కేక లేదు, వణుకు లేదు. “ఏవండీ. సుత్తి మీరు పెట్టిన చోటే ఉంటుంది, పట్రండి. నా బల్లకి కొట్టిన ప్రతి మేకూ పీకండి. ఆ పూల షీటు చించెయ్యండి. మిషను లోపలికి తీసుకురండి. మీ అన్నయ్యగారి మొహం చూశాక కాదు, ఇప్పుడే.”

కండక్టరు అన్నగారి మొహమే చూశాడు.

“పెద్దదానా, నూనె డబ్బా పక్కన నీ పుస్తకాలున్నాయే, అవి ఇటు తెచ్చెయ్. స్టాండు పీకి గోడకి కొట్టించాక ఆ అరల్లో పెట్టుకుందువు. అమ్మా,” అని టైర్ల షాపావిడతో అంది, “నువ్వు కూర్చో. చొక్కా నేను కుడతాను. బడివాళ్ళ దగ్గరికి గుడ్డ కోసం నేనే పోతాను, ఇవ్వనంటే వాళ్ళ ఆఫీసులో కూర్చుంటాను. కానీ నీకు ఇది ఎలా జరిగిందో తెలియాలి. చెప్పాల్సింది నేను కాదు.”

బావగారు గోడ మీద టైంటేబుల్ వైపు చూశాడు. మూల మళ్ళీ లేచింది. చెయ్యి అటు పోబోయింది.

“దాన్ని వదిలెయ్యండి బావగారూ. ఇటు చూడండి.”

నల్లబడిన ఆ గుడ్డ ఆయన చేతిలో పెట్టింది. కింద పడెయ్యకుండా వేళ్ళు మూసింది కూడా.

“చెప్పులేసుకోండి. ఈ వీధి ఈ చివర నుంచి ఆ చివరిదాకా నడవండి. ప్రతి గుమ్మం ముందూ ఆగండి. ‘మీ పిల్లల బట్టలు కలిపేసింది నేను, మళ్ళీ కొలవాలి, పిల్లల్ని పంపండి’ అని మీ నోటితో చెప్పండి. నా పేరు చెప్పొద్దు. తమ్ముణ్ణి పంపొద్దు. పొద్దుగూకేలోపు ఒక్కో పిల్లా ఈ బల్ల ముందు నిలబడాలి. కానీ గుమ్మం దాటే ముందు ఒక పని ఉంది. ఈ పిల్ల ఎదురుగా నిలబడి ఉంది. మీ చేతిలో ఉన్నది ఏమిటో, దాన్ని ఏ సరుకని పక్కన పడేశారో, ఈ పిల్ల కళ్ళలోకి చూసి చెప్పండి. చెప్పండి!”